లద్దాఖ్‌కు బండి మీద: దారి సుఖపడింది, లెక్క మాత్రం తప్పదు

ఉగాది దాటిందంటే మన ఇళ్ళల్లో ఈ మాట వినపడుతుంది: "జూన్‌లో బండ్ల మీద లద్దాఖ్ వెళ్తున్నాం." హోసూరు కావచ్చు, బళ్ళారి కావచ్చు, బరంపురం, షోలాపూరు, యానాం కావచ్చు. చెప్పేది పాతికేళ్ళ కుర్రాడు. ఈమధ్య అమ్మాయిలు కూడా చెబుతున్నారు. తండ్రి వద్దంటాడు, తల్లి మొక్కుకుంటుంది, మేనమామ మధ్యవర్తిగా దిగుతాడు. ఎటూ తేలకపోతే అందరూ కలిసి మా సంఘం కార్యాలయానికి వచ్చి "మీరైనా చెప్పండి" అంటారు.

వద్దని చెప్పడం మా పని కాదు. పిల్లలు సంపాదించుకుంటున్నారు, వాయిదాలు కట్టి బండ్లు కొనుక్కున్నారు. వాళ్ళు వెళ్తారు. అయితే ఏ లెక్క చూసుకొని బయల్దేరాలి, ఇంట్లో ఉన్నవాళ్ళు దేనికి భయపడాలి, దేనికి అంతగా భయపడనక్కర్లేదు అన్నది తేల్చుకోవచ్చు. గత ఐదారేళ్ళలో లద్దాఖ్ దారులూ మారాయి, అక్కడి రాజకీయమూ మారింది. పదేళ్ళ కిందట వెళ్ళొచ్చిన అన్నయ్య చెప్పిన సలహా ఇవాళ పూర్తిగా పనికి రాదు. అందుకే ఈ విశ్లేషణ.

దారి మారింది, గండం చోటు మారింది

లద్దాఖ్‌కు రోడ్డు మీద వెళ్ళడానికి పాతకాలం నుంచి రెండు పెద్ద దారులు. ఒకటి శ్రీనగర్ నుంచి జోజి లా కనుమ దాటి ద్రాస్, కార్గిల్ మీదుగా లేహ్‌కు. రెండోది మనాలీ నుంచి కేలాంగ్, సర్చు, పాంగ్ మీదుగా లేహ్‌కు. రెండూ కొంచెం అటూ ఇటూగా 420, 430 కిలోమీటర్లే. "లా" అంటే అక్కడి భాషలో కనుమ.

2020 అక్టోబర్ 3న మనాలీ దగ్గర అటల్ సొరంగం ప్రారంభమైంది. పొడవు 9.02 కిలోమీటర్లు. దీనితో 3,978 మీటర్ల ఎత్తున్న రోహ్తంగ్ కనుమ ఎక్కే పని తప్పింది. 46 కిలోమీటర్లు, నాలుగైదు గంటలు ఆదా అయ్యాయి. 2025 జనవరి 13న శ్రీనగర్ వైపున సోనమర్గ్ సొరంగం తెరిచారు, అది ఆరున్నర కిలోమీటర్లు. జోజి లా కింద పదమూడు కిలోమీటర్లకు పైగా పొడవైన మరో సొరంగం పని జరుగుతోంది. జన్‌స్కార్ వైపు షింకున్ లా సొరంగానికి 2024 జులై 26న మొదటి పేలుడు జరిపారు. ఇవి ప్రధానంగా సైన్యం కోసం, చలికాలంలో ఆ ఊళ్ళు తెగిపోకుండా ఉండడం కోసం వేస్తున్నవి. పర్యాటకులకు కలుగుతున్న సుఖం ఆ తరవాతి లాభం.

ఇక్కడే మన పిల్లలు పట్టించుకోని సంగతి ఒకటి ఉంది. దారి సుఖపడిన కొద్దీ ఒంటికి గండం పెరిగింది. వెనకటికి మనాలీలో పొద్దున బయల్దేరిన బండి రోహ్తంగ్ బురదలో, ట్రాఫిక్‌లో నలిగి సాయంత్రానికి కేలాంగ్ చేరేది. మనాలీ ఎత్తు దాదాపు 2,050 మీటర్లు, కేలాంగ్ సుమారు 3,080. ఆలస్యం వల్లనే ఒంటికి ఎత్తు అలవాటయ్యే వ్యవధి దొరికేది. ఇప్పుడు సొరంగం దాటి మధ్యాహ్నం కాకముందే కేలాంగ్ వచ్చేస్తుంది. "ఇంకా పొద్దుంది కదా" అని అదే రోజు సర్చు దాకా పోతారు. సర్చు ఎత్తు దాదాపు 4,290 మీటర్లు. అంటే ఒక్క పగటిలో 2,200 మీటర్లు పైకెక్కి, రాత్రి అక్కడే గుడారంలో పడుకోవడం. కొండదారిలో ఇంతకన్నా చెడ్డ ప్రణాళిక ఉండదు.

ఎత్తు సంగతి మనకు అలవాటు లేనిది

మన వైపు కొండలతో పోల్చి చూస్తే విషయం బోధపడుతుంది. ఊటీలో దొడ్డబెట్ట శిఖరం 2,637 మీటర్లు. శ్రీనగర్ నుంచి లేహ్ వెళ్ళే దారిలో లోతట్టున నదీతీరాన ఉండే కార్గిల్ పట్నం 2,676 మీటర్లు. మనకు శిఖరమైనది అక్కడ లోయ అన్నమాట. దక్షిణాదిన అన్నిటికన్నా ఎత్తైన ఆనముడి 2,695 మీటర్లైతే, లేహ్ బజారు సుమారు 3,500 మీటర్లు. బరంపురం, రాయగడ వైపు పిల్లలు దేవమాలి ఎక్కి వచ్చి "కొండలు మాకు కొత్త కాదు" అంటారు. దేవమాలి 1,672 మీటర్లు. అక్కడ మలుపులు తిప్పడం నేర్చుకోవచ్చు గానీ గాలి చాలకపోవడం అనుభవానికి రాదు.

లేహ్‌లో పీల్చే గాలిలో మనకు అందే ప్రాణవాయువు సముద్రతీరంతో పోలిస్తే మూడింట రెండు వంతులే. మనాలీ దారిలోని తంగ్‌లాంగ్ లా కనుమ 5,328 మీటర్లు. అక్కడికి వచ్చేసరికి సగానికి కాస్త పైన మాత్రమే. బండికి కూడా ఇదే ఆయాసం. వెయ్యి మీటర్లకు సుమారు పదో వంతు చొప్పున ఇంజను బలం తగ్గుతుంది. కొత్త ఫ్యూయెల్ ఇంజెక్షన్ బండ్లు కొంత సర్దుకుంటాయి. పాత కార్బురేటర్ బండ్లు పొగ కక్కుతూ మొరాయిస్తాయి.

వైద్యులు చెప్పే సూత్రం చిన్నది. 3,000 మీటర్లు దాటాక, రాత్రి పడుకునే చోటు ముందు రాత్రి కన్నా 500 మీటర్లకు మించి ఎత్తుండకూడదు. మూడు నాలుగు రోజులకు ఒక రోజు ఎక్కకుండా ఆగాలి. పగలు ఎంత ఎత్తు ఎక్కినా, రాత్రి పడక ఎక్కడ అన్నదే ముఖ్యం. తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం మొదటి గుర్తులు. ఆ గుర్తులుండగా ఇంకా పైకి ఎక్కకూడదు. కూర్చున్నా ఆయాసం వస్తుంటే, దగ్గు ఆగకపోతే, నడకలో తూలితే, మాట పొంతన లేకపోతే అది ప్రాణం మీదికి వచ్చినట్టే. వెంటనే కిందికి దింపాలి, తెల్లారేదాకా చూద్దామనుకోకూడదు. ఆక్సిజన్ సిలిండర్ కిందికి దింపే లోపు ఆసరా మాత్రమే. లేహ్‌లో సోనమ్ నోర్బూ స్మారక ఆస్పత్రి ఉంది. సర్చులో, పాంగ్‌లో అటువంటి ఆస్పత్రి లేదు.

ఎసిటజోలమైడ్ అనే మాత్ర ముందుగా వేసుకునేవాళ్ళున్నారు. డాక్టరును అడిగి మాత్రమే వేసుకోవాలి. సల్ఫా మందులు పడనివాళ్ళు ఆ సంగతి తప్పక చెప్పాలి. రక్తహీనత, ఉబ్బసం, గుండె జబ్బు, రక్తపోటు ఉన్నవాళ్ళు పరీక్ష చేయించుకోకుండా బయల్దేరకూడదు. పైకెళ్ళిన మొదటి రాత్రుళ్ళు మద్యం, నిద్రమాత్రలు రెండూ ముట్టకూడదు.

ఏ భయం ఎంత?

ఈ సూత్రం పట్టుకొని చూస్తే శ్రీనగర్ దారే ఒంటికి మంచిది. శ్రీనగర్ 1,585 మీటర్లు, సోనమర్గ్ 2,730, కార్గిల్ 2,676, ఆ తరవాత లేహ్ 3,500. మెట్లు మెట్లుగా ఎక్కుతాం. దారిలో జోజి లా 3,528, ఫోతు లా 4,108 మీటర్లే. మనాలీ దారిలో బారాలాచా లా 4,890, లాచులుంగ్ లా 5,065, తంగ్‌లాంగ్ లా 5,328 వరసగా తగులుతాయి, మధ్యలో పడుకోవడానికి తక్కువ ఎత్తున్న చోటు లేదు. కాబట్టి శ్రీనగర్ మీదుగా వెళ్ళి, ఒళ్ళు అలవాటు పడ్డాక మనాలీ మీదుగా దిగడం శాస్త్రీయమైన పద్ధతి.

అయితే మన ఇళ్ళల్లో ఇప్పుడు "కశ్మీరు మీదుగా మాత్రం వద్దు, కావాలంటే మనాలీ వైపు వెళ్ళు" అంటున్నారు. కారణం అందరికీ తెలిసిందే. 2025 ఏప్రిల్ 22న పహల్గామ్ దగ్గర 26 మందిని కాల్చి చంపారు. చనిపోయినవాళ్ళలో మహారాష్ట్ర, కర్ణాటక, ఆంధ్రప్రదేశ్, ఒడిశా వాళ్ళున్నారు. మనం ఉండే రాష్ట్రాలే, మన బంధువులుండే ఊళ్ళే. ఆ భయాన్ని మేము తేలిక చేయం. మే నెలలో సరిహద్దు ఘర్షణ జరిగినప్పుడు ఆ ప్రాంతం మొత్తం విమానాశ్రయాలు మూసేశారు. అటువంటి స్థితి మళ్ళీ వస్తే ప్రయాణం మానుకోవలసిందే, అందులో రెండో మాట లేదు.

కానీ మామూలు రోజుల్లో లెక్క వేరు. కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారు. వాళ్ళలో నూటికి 44 మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద వెళ్ళినవాళ్ళు. హోసూరు నుంచి చండీగఢ్ దాకా జాతీయ రహదారి మీద లారీల మధ్య రోజుకు ఏడు వందల కిలోమీటర్లు నడిపే కుర్రాడికి ఉన్న గండం మనం మాట్లాడుకోం. మనాలీ నుంచి ఒక్క రోజులో సర్చు ఎక్కే గండమూ మాట్లాడుకోం. వార్తల్లో వచ్చిన భయానికి జడిసి, వార్తల్లోకి రాని ఆపదలోకి పిల్లల్ని పంపుతున్నాం. శ్రీనగర్ దారి వద్దనుకుంటే ఆ నిర్ణయం ఇంటివాళ్ళది. అప్పుడు మనాలీలో ఒక రాత్రి, కేలాంగ్ లేదా జిస్పాలో రెండు రాత్రులు ఆగి, తెల్లవారుజామున బయల్దేరి ఒకే పగటిలో సర్చు, పాంగ్ దాటి లేహ్ దిగేలా చూసుకోవాలి. ఆ రోజు 330 కిలోమీటర్లకు పైగా నడపాలి, కష్టమే. ఎవరికైనా తలనొప్పి, వికారం ఉంటే ఆ పొద్దున బయల్దేరకూడదు.

నెల ఎంచుకోవడం

జోజి లా ఈమధ్య మార్చి, ఏప్రిల్‌లోనే తెరుస్తున్నారు. మనాలీ దారి మామూలుగా అంతకన్నా ఆలస్యంగా తెరుచుకుంటుంది. మన కాలేజీల వేసవి సెలవులు చాలావరకు దానికి ముందే అయిపోతాయి. అందుకని చాలామంది జులై, ఆగస్టులకు వాయిదా వేస్తారు. లద్దాఖ్‌లో వాన తక్కువన్న మాట నిజమే. లేహ్‌లో ఏడాది మొత్తం మీద కురిసేది సుమారు 100 మిల్లీమీటర్లు. కానీ లద్దాఖ్ చేరడానికి దాటవలసిన హిమాచల్‌లో, జమ్మూలో నిండు వర్షాకాలం. 2023 జులైలో, మళ్ళీ 2025 ఆగస్టు చివర్లో బియాస్ నది పొంగి కులు, మనాలీ రోడ్డు చాలాచోట్ల కొట్టుకుపోయింది. జమ్మూ, శ్రీనగర్ రహదారి మీద కొండచరియలు విరిగిపడడం ఏటా ఉన్నదే.

మేము చెప్పేది రెండు కాలాలు. జూన్ రెండో వారం నుంచి నెలాఖరు దాకా ఒకటి. సెప్టెంబర్ నెల రెండోది. జూన్‌లో మంచు కరిగి రోడ్డు మీద వాగులు పారతాయి. ఆ వాగులు పొద్దున సన్నగా ఉండి, ఎండ ఎక్కేకొద్దీ మధ్యాహ్నానికి ఉరకలు వేస్తాయి. కాబట్టి వాగులుండే భాగం మధ్యాహ్నం లోపు దాటేలా పొద్దున్నే బయల్దేరాలి. మరీ చీకటితో బయల్దేరితే రోడ్డు మీద నీళ్ళు గడ్డకట్టి కనపడని మంచుపొర అయి ఉంటుంది, బండి జారుతుంది. వెలుగు వచ్చాక కదిలి, సాయంత్రం నాలుగుకల్లా చేరుకునేలా లెక్క వేసుకోవాలి. చీకటి పడ్డాక కొండదారిలో బండి నడపకూడదు.

పెట్రోలు కూడా ఈ లెక్కలోదే. కేలాంగ్ ముందు తాండి బంకు దగ్గర "తరవాతి బంకు 365 కిలోమీటర్లు" అన్న బోర్డు ఈ దారిన వెళ్ళినవాళ్ళందరికీ తెలుసు. పదకొండు లీటర్ల ట్యాంకున్న బండి, లీటరుకు ముప్ఫై ఐదు ఇచ్చేదైనా, ఎక్కుడులో అంత ఇవ్వదు. అయిదు లీటర్లు ఇనప డబ్బాలో విడిగా పెట్టుకోవాలి. నీళ్ళ సీసాల్లో పెట్రోలు పోసుకొని కట్టుకోవడం ప్రాణాపాయం. క్లచ్ వైరు, యాక్సిలరేటర్ వైరు, ట్యూబులు, పంచర్ సామాను, చైన్ లింకు, ఫ్యూజులు, స్పార్క్ ప్లగ్ వెంట ఉండాలి. వాటిని వెయ్యడం గుంపులో కనీసం ఇద్దరికి వచ్చి ఉండాలి. మన వైపు వాళ్ళకు ఇది కొత్త విద్య కాదు. హోసూరులో మోటారు సైకిళ్ళ కర్మాగారం నీడన పెరిగిన పిల్లలున్నారు, నేర్పేవాళ్ళు వీధికొకరు దొరుకుతారు.

కాగితాలు: మన ఇళ్ళకే ఉన్న చిక్కులు

గుమాస్తా ఉద్యోగం చేసి రిటైరైన చేతులు గనక కాగితాల సంగతి కాస్త ఎక్కువ చెబుతాం. ఇది ఎవరూ చెప్పని భాగం కూడా.

మొదటిది, బండి ఎవరి పేరున ఉంది? మన ఇళ్ళల్లో చాలా బండ్లు తండ్రి పేరునో, ఆంధ్రలో ఉన్న బాబాయి పేరునో ఉంటాయి. ఇన్సూరెన్స్‌తో పాటు తప్పనిసరిగా తీసుకునే పదిహేను లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా, బండి యజమాని తానే నడుపుతున్నప్పుడు వర్తించేది. తండ్రి పేరున ఉన్న బండిని కొడుకు నడుపుతూ పడిపోతే ఆ పదిహేను లక్షలు కొడుక్కి వర్తించవు. కొడుకు పేరున విడిగా ప్రమాద బీమా తీసుకోవాలి. వెనక కూర్చునేవాళ్ళ సంగతీ అంతే. థర్డ్ పార్టీ పాలసీ ఒక్కటే ఉంటే వెనక కూర్చున్న మనిషికి రక్షణ ఉందనుకోకూడదు. పాలసీ కాగితం తీసి, వెనక మనిషి మాట ఉందో లేదో చదివి, లేకపోతే కట్టించుకోవాలి.

రెండోది, నంబరు ప్లేటు. బండిని రిజిస్టరైన రాష్ట్రం వదిలి వేరే రాష్ట్రంలో పన్నెండు నెలలు దాటి ఉంచుకుంటే అక్కడ కొత్త నంబరు తీసుకోవాలని మోటారు వాహన చట్టం చెబుతుంది. చిత్తూరులో కొని బెంగుళూరులో నాలుగేళ్ళుగా తిప్పుతున్న బండి, ప్రమాదం జరిగి క్లెయిముకు వెళ్ళినప్పుడు ప్రశ్నలకు దారి తీస్తుంది. యానాం వాళ్ళ పీవై 04 నంబరు చూసి చెక్‌పోస్టులో అడిగితే చూపించడానికి అసలు ఆర్సీ దగ్గర ఉండాలి.

మూడోది, పేరు. ఇది మన తరతరాల చిక్కు. ఆంధ్రలో ఇంటిపేరు ముందు, తమిళనాట తండ్రి పేరు పొడి అక్షరంగా, మహారాష్ట్రలో ఇంటిపేరు చివర. ఆధార్‌లో ఒక తీరు, లైసెన్సులో ఒక తీరు, పాలసీలో మరో తీరు. ఒడియా, తమిళ, కన్నడ లిపుల్లోంచి ఇంగ్లీషులోకి మార్చేటప్పుడు "రెడ్డి", "నాయుడు", "శెట్టి" రకరకాలుగా పడ్డాయి. రోజువారీ పనుల్లో ఎవరూ పట్టించుకోరు. ఆస్పత్రి బిల్లుకో, బీమా సొమ్ముకో వెళ్ళినప్పుడు ఆ ఒక్క అక్షరమే అడ్డం పడుతుంది. బయల్దేరడానికి రెండు నెలల ముందు నాలుగు కాగితాలు పక్కపక్కన పెట్టుకొని చూడండి. తేడా ఉంటే దిద్దించుకోవడానికి వ్యవధి ఉంటుంది. నామినీ పేరు రాసి ఉందో లేదో కూడా అప్పుడే చూడండి.

నాలుగోది, ఫోను. మన రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు జమ్మూ కశ్మీర్‌లో, లద్దాఖ్‌లో పని చేయవు. పోస్ట్‌పెయిడ్ కావాలి. గుంపులో ఇద్దరికైనా వేర్వేరు కంపెనీల పోస్ట్‌పెయిడ్ ఉండాలి. సిగ్నల్ లేని చోట యూపీఐ పని చేయదు, డిజిలాకర్ తెరుచుకోదు. చేతిలో నగదు, కాగితాల నకళ్ళు రెండు జతలు ఉంచుకోవాలి.

అయిదోది, భాష. ప్రతి ఒక్కరి జేబులో రక్తం గ్రూపు, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ ఉండాలంటారు. ఆ నంబరు ఎవరిది? తల్లికి తెలుగు, తమిళం తప్ప రాదు. లేహ్ ఆస్పత్రి నుంచి ఫోను వస్తే అవతలివాళ్ళు హిందీలోనో ఇంగ్లీషులోనో మాట్లాడతారు. కాబట్టి చీటీలో ఇంట్లో హిందీ వచ్చిన మనిషి నంబరు మొదట రాయండి, అమ్మానాన్నల నంబరు తరవాత రాయండి. తమిళనాట చదివిన పిల్లలకు హిందీ రాకపోతే ఆస్పత్రి, పెట్రోలు, రోడ్డు, సహాయం గురించి ఇరవై వాక్యాలు నేర్చుకొని వెళ్ళాలి.

వాళ్ళ నేల, వాళ్ళ మాట

ఇక రాజకీయం. 2019 అక్టోబర్ 31 నుంచి లద్దాఖ్ శాసనసభ లేని కేంద్రపాలిత ప్రాంతం. 2011 లెక్కల ప్రకారం జనాభా 2,74,289. మన వైపు ఒక ఓ మాదిరి పట్నం జనాభా అంత. రద్దీ ఎక్కువైన ఏళ్ళలో అక్కడికి వచ్చిన పర్యాటకులు ఐదు లక్షలు దాటారు. అంటే ఇంటివాళ్ళ కన్నా అతిథులు రెట్టింపు. నీళ్ళు తక్కువైన చోట, నాలుగైదు నెలల్లో ఏడాది గ్రాసం సంపాదించుకోవలసిన చోట ఇది చిన్న విషయం కాదు.

మన పిల్లలు అక్కడ తగువు పడే విషయం ఒకటుంది. ఢిల్లీలోనో మనాలీలోనో అద్దెకు తీసుకున్న బండి లేహ్ దాకా వెళ్ళవచ్చు గానీ, అక్కడి నుంచి నుబ్రా, ప్యాంగాంగ్ తిరగడానికి స్థానిక బండ్ల సంఘాలు ఒప్పుకోవు. స్థానికంగా అద్దెకు తీసుకోవాలంటారు. సొంత పేరున ఉన్న బండికి అభ్యంతరం లేదు. బండి ఇంకొకరి పేరున ఉంటే అద్దె బండి అన్న అనుమానం వస్తుంది, మళ్ళీ కాగితాల దగ్గరికే వస్తాం. "దేశమంతా ఒకటే కదా, మమ్మల్ని ఆపడానికి వాళ్ళెవరు" అని మన కుర్రాళ్ళు వాదిస్తారు. నీలగిరులకు, కొడైకెనాల్‌కు మద్రాసు హైకోర్టు ఆదేశంతో 2024 మే నుంచి ఈ-పాసు పెట్టారు. 2025లో రోజుకు ఎన్ని వాహనాలన్న పరిమితి కూడా వచ్చింది. కొండ మోయగలిగినంతే బరువు వేయాలి అన్నది అక్కడైనా ఇక్కడైనా ఒకటే న్యాయం.

2025 సెప్టెంబర్ 24న లేహ్‌లో రాష్ట్ర హోదా కోసం, రాజ్యాంగం ఆరో షెడ్యూలు రక్షణ కోసం జరిగిన ఆందోళన హింసాత్మకంగా మారి, కాల్పుల్లో నలుగురు చనిపోయారు. కర్ఫ్యూ పెట్టారు. సెప్టెంబర్ ప్రయాణానికి మంచి నెల అని పైన రాశాం. ఆ నెలలోనే ఇది జరిగింది. అందుకే ప్రణాళికలో రెండు రోజులు ఏ పనీ లేకుండా విడిగా ఉంచుకోవాలంటున్నాం. ఊరేగింపు కనపడితే వీడియో తీయడానికి దగ్గరకు పోకూడదు, బస దాటకూడదు.

ఆ డిమాండ్లలో ఏది ఎంతవరకు సబబో తేల్చేది వాళ్ళూ ప్రభుత్వమూ. కానీ మనకు అర్థం కావలసిన అంశం ఒకటుంది. 2025 జూన్‌లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లో ఇంగ్లీషు, హిందీ, ఉర్దూలతో పాటు భోటీ, పుర్గీ భాషల్ని లద్దాఖ్ అధికార భాషలుగా గుర్తించారు. లేహ్ వైపు భోటీ, కార్గిల్ వైపు పుర్గీ. భోటీని ఎనిమిదో షెడ్యూలులో చేర్చాలన్న కోరిక ఎప్పటి నుంచో ఉంది. తమిళనాట 2006 చట్టం వచ్చాక మన పిల్లలు పదో తరగతిలో తెలుగు పరీక్ష రాయడానికి ఎన్ని అర్జీలు పెట్టుకున్నామో మనకు తెలుసు. కర్ణాటకలో, ఒడిశాలో తెలుగు బడులు ఒక్కొక్కటే మూతపడడం చూశాం. తక్కువ మంది మాట్లాడే భాషను నిలబెట్టుకోవడం అంటే ఏమిటో దేశంలో ఇంకెవరికన్నా మనకు బాగా తెలియాలి. బండి దిగి ఒక ఇంట్లో టీ తాగేటప్పుడు "జూలే" అని పలకరించడం నేర్చుకుంటే చాలు, ఎదుటి మనిషి మొహం మారుతుంది. నమస్కారానికీ ధన్యవాదానికీ అదే మాట.

తొమ్మిది రోజుల సెలవు చాలదు

ఇప్పుడు రోజుల లెక్క. బండ్లను రైల్లో పార్సిల్ చేసి చండీగఢ్ దాకా పంపడం మేలు. ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి, ఆర్సీ నకలు, గుర్తింపు కార్డు నకలు ఇవ్వాలి, అద్దాలకూ హ్యాండిలుకూ గోనె చుట్టించాలి. బండి మీతో పాటే చేరుతుందనుకోవద్దు, ఒకటి రెండు రోజులు ఆలస్యం లెక్కలో ఉంచుకోండి.

చండీగఢ్‌లో బండి విడిపించుకొని చూపించుకోవడానికి ఒక రోజు. జమ్మూకు ఒక రోజు, శ్రీనగర్‌కు ఒక రోజు. సోనమర్గ్‌కు 80 కిలోమీటర్లే అయినా అక్కడే పడుకోవాలి. మర్నాడు జోజి లా దాటి కార్గిల్. ఆ మర్నాడు లేహ్. లేహ్‌లో రెండు రోజులు బండి ముట్టకుండా విశ్రాంతి. ఖర్దుంగ్ లా దాటి నుబ్రా వెళ్ళి రావడానికి మూడు రోజులు. లేహ్‌లో ఒక రాత్రి ఆగి, తెల్లవారగానే బయల్దేరి జిస్పా, మర్నాడు మనాలీ, ఆపైన చండీగఢ్. విడిగా రెండు రోజులు. మొత్తం పదహారు, పదిహేడు రోజులు. అటూ ఇటూ రైలు ప్రయాణం కలిపితే మూడు వారాలు.

మన పిల్లల కంపెనీల్లో దొరికేది రెండు శని ఆదివారాలు కలిపి తొమ్మిది రోజులు. తొమ్మిది రోజుల్లో ఇదంతా కుదించాలని చూసినప్పుడే విశ్రాంతి రోజులు కొట్టేస్తారు, రాత్రి ప్రయాణాలు పెడతారు, సర్చులో పడుకుంటారు. అటువంటివాళ్ళకు మా మాట సూటిగా చెబుతున్నాం. సొంత బండి పట్టుదల వదిలి లేహ్‌కు విమానంలో వెళ్ళండి. రెండు రోజులు గదిలో పడుకోండి. విమానం గంటన్నరలో ఢిల్లీ నుంచి 3,500 మీటర్లకు ఎత్తేస్తుంది కాబట్టి ఆ రెండు రోజులు తప్పనిసరి. తరవాత అక్కడి వాళ్ళ దగ్గర బండి అద్దెకు తీసుకొని నాలుగు రోజులు తిరగండి. ఆ బండికి ఆ కొండలు అలవాటు, చెడిపోతే బాగుచేసేవాళ్ళు అక్కడే ఉంటారు, అద్దె డబ్బు ఆ ఊరికి చేరుతుంది, చెక్‌పోస్టు దగ్గర తగువు ఉండదు. మూడు వేల కిలోమీటర్లు తొక్కి వచ్చామని చెప్పుకోలేకపోవచ్చు. అంతకు మించి పోయేది లేదు.

ఆడపిల్లల సంగతి అడిగే తల్లిదండ్రులకు ఒక మాట. ఎత్తు ఆడా మగా చూడదు. కొడుక్కి ఏ లెక్క చెబుతామో కూతురికీ అదే చెప్పాలి. లెక్క సరిగా చూసుకున్న కూతురిని ఆపి, ఏ లెక్కా లేని కొడుకుని పంపడం మన ఇళ్ళల్లో జరుగుతూనే ఉంది.

సంఘాలుగా మనం చేయగలిగింది చిన్నదే, కానీ చేయవచ్చు. మన ఊళ్ళ సంఘాల్లో రవాణా శాఖలో, బీమాలో, ఆస్పత్రుల్లో పనిచేసి రిటైరైనవాళ్ళున్నారు. ఏప్రిల్ నెలలో ఒక ఆదివారం పిల్లల్ని పిలిచి కాగితాలు చూడవచ్చు, పేర్లలో తేడాలు పట్టుకోవచ్చు, వెళ్ళొచ్చినవాళ్ళతో మాట్లాడించవచ్చు. మా సంఘం ఆ పని మొదలుపెడుతోంది. ఆర్సీ, లైసెన్సు, ఆధార్, పాలసీ నాలుగూ తెండి, రోజువారీ ప్రణాళిక ఒక కాగితం మీద రాసుకొని రండి. ఆ కాగితంలో మేము మొదట చూసేది ఎన్ని కిలోమీటర్లన్నది కాదు, ఏ రాత్రి ఎంత ఎత్తున పడుకుంటున్నారన్నది. ఆ కాగితం నకలు ఒకటి ఇంట్లో గోడకు అంటించి వెళ్ళండి. ఫోను కలవని రోజున తల్లికి అదే ఆసరా.